ముద్ర వేయక ముందు గమనించడం ఎలా? ఆటిజం ఉన్న పిల్లల గురించి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు

జూన్ 12న బడులు తెరిచి నెల గడిచేసరికి, ఒకటో తరగతిలో చేరిన ప్రతి బిడ్డకూ హాజరు పట్టికలో ఉన్న పేరుతో పాటు ఇంకొక పేరు కూడా స్థిరపడుతుంది. అల్లరివాడు, ఏడుపుగొట్టు, బుద్ధిమంతురాలు వంటి పేర్లు చాలావరకు దసరా సెలవుల నాటికి మారిపోతాయి. పేరు పిలిస్తే పలకని బిడ్డకు, గంట మోగితే చెవులు మూసుకునే బిడ్డకు, ప్రార్థన వరుసలో నిలబడమంటే గోడ వెంట తిరిగే బిడ్డకు పెట్టిన పేరు మాత్రం ఐదో తరగతి దాకా వెంట వస్తుంది. 'ఎడ్డోడు', 'తిక్కలోడు', 'మెంటల్', 'గాలి సోకినోడు' అనే మాటలు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు బడులలో నేను చెవులారా విన్నవే. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను కూడా ఒక బిడ్డ ప్రగతి పత్రంలో 'మొండివాడు, చెప్పిన మాట వినడు' అని రాశాను. నా తరువాత వచ్చిన ఉపాధ్యాయులు ఆ వాక్యాన్ని చదివే ఆ బిడ్డను చూడడం మొదలుపెట్టారని చాలా ఆలస్యంగా గ్రహించాను. ఇప్పుడు ఇది రాయడానికి ఆ వాక్యమే కారణం.

ముద్ర అంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టడానికి దేశమంతా తిరిగిన మన మనుషులను ఒక్కొక్కరి పేరుతో ఎవరూ పిలవలేదు. అందరినీ కలిపి 'పాలమూరు లేబర్' అన్నారు. మర్రిగూడ, మునుగోడు వైపు గ్రామాలకు 'ఫ్లోరైడ్ ఊర్లు' అనే పేరు పడ్డాక, ఆ ఊరి పిల్లలతో సంబంధం కలుపుకోవడానికి బయటివారు వెనుకాడిన సంగతి కూడా మనకు తెలుసు. మనిషి కంటే ముందు పేరు నడిచి వెళ్ళి, అతనికి దక్కవలసిన చోటును అడ్డుకుంటే ఆ బాధ ఎలా ఉంటుందో తెలిసిన మనం, ఆరేళ్ళ బిడ్డ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

నిర్ధారణకూ ముద్రకూ తేడా

ఆటిజం అనేది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. ఇతరులతో మాట కలపడంలోను, వారి భావాలను అందుకోవడంలోను, తన భావాలను తెలియజేయడంలోను తేడా ఉంటుంది. కొన్ని పనులను మళ్ళీ మళ్ళీ చేయడం, అలవాటైన క్రమం మారితే తట్టుకోలేకపోవడం, చప్పుడు, వెలుతురు, వాసన, స్పర్శ వంటివి మితిమీరి తగలడం లేదా అసలు తగలనట్లు ఉండడం కనిపిస్తుంది. లియో కానర్ అనే వైద్యుడు 1943లో పిల్లలలో ఈ స్థితిని వివరంగా వర్ణించాడు. 2013 నుండి అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో, అంతకుముందు వేరు వేరు పేర్లతో ఉన్న స్థితులను కలిపి ఒకే విస్తృతమైన వర్ణపటంగా చూస్తున్నారు. కాబట్టి ఒక ఆటిజం బిడ్డను చూసినంత మాత్రాన ఇంకొక ఆటిజం బిడ్డ ఎలా ఉంటాడో చెప్పలేము.

వైద్యుడు చేసే నిర్ధారణ బిడ్డకు కొన్ని తలుపులు తెరుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ధ్రువపత్రంలో వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్లు నమోదైన పిల్లలకు 6 నుండి 18 సంవత్సరాల వయసు వరకు దగ్గరలోని బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. తరగతి గదిలో పడే ముద్ర వలన ఇటువంటి మేలు ఒక్కటీ జరగదు. ఉపాధ్యాయుడు తనకు తోచిన పేరును రోగం పేరుగా చెప్పడం కూడా ముద్రలలో ఒకటే. మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేయడానికి రూపొందించిన ఐ.ఎస్.ఎ.ఎ. (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) అనే కొలమానంలో 40 అంశాలు ఉంటాయి. శిక్షణ పొందినవారు తల్లిదండ్రులతో మాట్లాడి, బిడ్డను గమనించి దానిని నింపుతారు. ఒక వీడియో చూసి, పది నిమిషాల గమనింపుతో 'ఈ పిలగాడికి ఆటిజం ఉంది' అని చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో చెప్పే అధికారం మనకు లేదు.

పేరు పెట్టవద్దు, చూసినది రాయండి

ఒక చిన్న నోటుపుస్తకం విడిగా పెట్టుకోండి. మీకు ఆందోళన కలిగించిన బిడ్డ గురించి రెండు వారాల పాటు, రోజుకు ఒకటి రెండు సంఘటనల చొప్పున రాయండి. ప్రతి సంఘటనలో అంతకుముందు ఏమి జరిగిందో, బిడ్డ ఏమి చేశాడో, తరువాత ఏమి జరిగిందో మాత్రమే ఉండాలి. బిడ్డ స్వభావాన్ని తెలిపే విశేషణం ఒక్కటి కూడా ఉండకూడదు. 'కోపిష్ఠి, తోటి పిల్లలను కొరుకుతాడు' అని రాస్తే అది తీర్పు అవుతుంది. 'సోమవారం మధ్యాహ్నం, భోజనం గంట కొట్టారు. స్టీలు పళ్ళేల చప్పుడు మొదలైంది. చెవులు మూసుకుని మూలకు వెళ్ళాడు. వరుసలోకి రమ్మని పక్కవాడు చేయి పట్టి లాగాడు. వాడి చేయి కొరికాడు. వేపచెట్టు కింద ఒంటరిగా కూర్చోబెడితే పది నిమిషాలలో నిమ్మళించాడు' అని రాస్తే, ఏమి చేయాలో కూడా అందులోనే దొరుకుతుంది. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు ఆ బిడ్డకు చెప్పి, మిగిలిన పిల్లల కంటే ముందే పళ్ళెం ఇచ్చి, వరండా చివర కూర్చోబెడితే కొరకడం ఆగిపోవచ్చు. అలా ఆగిపోతే ఆ బిడ్డ కోపిష్ఠి అనే మాటకు ఆధారమే ఉండదు.

మధ్యాహ్న భోజనం సమయాన్ని ప్రత్యేకంగా గమనించమని చెప్పడానికి కారణం ఉంది. బడిలో అన్ని ఇంద్రియాలకూ ఒకేసారి భారం పడే సమయం అదే. చప్పుడు, తోపులాట, ఉడికించిన గుడ్డు వాసన, అన్నంలో కలిసిపోయిన పప్పు మెత్తదనం అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. అన్నాన్ని కూరతో కలపనివ్వని బిడ్డను 'వగలు పోతున్నడు' అని అంటాము. నాలుక మీద ఒక రకమైన మెత్తదనం భరించలేని బిడ్డకు అన్నం ఒక పక్క, కూర ఒక పక్క వేసి ఇస్తే, వంట చేసే అమ్మకు ఒక్క నిమిషం కూడా అదనంగా పట్టదు. ఆ అమ్మకు విషయం వివరించి చెప్పడం కూడా ఉపాధ్యాయుని పనిలో భాగమే, ఎందుకంటే రోజూ పిల్లలందరి ఎదుట ఆ బిడ్డ గురించి 'గీనికి ఏం పెట్టినా తినడు' అనే మాట ఎక్కువగా వచ్చేది అక్కడే.

మాటల విషయంలో తొందరపడవద్దు

ఎక్కువ హాని చేసే అపోహ 'మాట్లాడని బిడ్డకు ఏమీ అర్థం కాదు' అనేది. మాట బయటకు రాకపోవడం, విన్నది అర్థం కాకపోవడం రెండూ వేరు వేరు సంగతులు. ఆటిజం ఉన్న పిల్లలలో కొందరు మాటలు ఆలస్యంగా నేర్చుకుంటారు, కొందరు ఎన్నడూ నోటితో మాట్లాడకపోవచ్చు. వారిలో బొమ్మల కార్డులతో, చేతి సైగలతో, రాతతో చెప్పగలిగేవారు ఉంటారు. కాబట్టి ఆ బిడ్డ వింటుండగా అతని గురించి మరొకరితో మాట్లాడకండి. 'మాటలు రావు గదా, వానికేం తెలుస్తది' అనుకుని మనం అన్న మాటలన్నీ అతనిలోకి వెళ్ళి ఉండవచ్చు.

విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పే పిల్లల విషయంలో మన భాష నుండే ఒక ఉదాహరణ చెప్పాలి. ఇంట్లో అవ్వ రోజూ 'నీళ్లు తాగుతవా బిడ్డా?' అని అడిగి నీళ్ళు ఇస్తుంది. దాహమైనప్పుడు ఆ బిడ్డ ఉపాధ్యాయురాలి దగ్గరకు వచ్చి 'నీళ్లు తాగుతవా' అంటాడు. పిల్లలు నవ్వుతారు, ఉపాధ్యాయురాలు 'నేను తాగను, పోయి కూసో' అంటుంది. నిజానికి ఆ బిడ్డ తనకు నీళ్ళు కావాలని అడుగుతున్నాడు. నీళ్ళు రావడానికి ముందు ఎప్పుడూ వినబడే మాట అదే కాబట్టి ఆ మాటనే వాడాడు. అప్పుడు నవ్వకుండా నీళ్ళు ఇస్తూ, 'నాకు నీళ్లు కావాలె' అని అతని తరఫున నెమ్మదిగా ఒకసారి అనండి. మరునాడు కూడా అలాగే చేయండి. వెంటనే తిరిగి అనమని బలవంతం చేయవద్దు.

మనం అలవాటుగా అనే బెదిరింపులను కూడా ఈ పిల్లలలో చాలామంది ఉన్నది ఉన్నట్టు తీసుకుంటారు. 'కాళ్లిరగ్గొడత' అంటే మిగిలిన పిల్లలు నవ్వుకుంటారు గాని, ఈ బిడ్డ ఆ రోజంతా కాళ్ళు ముడుచుకుని వణుకుతూ కూర్చోవచ్చు. 'నోరు మూసుకో' అంటే చేత్తో నోరు మూసుకున్నవాణ్ణి ఎగతాళి చేస్తున్నాడని కొట్టిన సందర్భం నాకు తెలుసు. చెప్పదలచినదాన్ని నేరుగా, తక్కువ మాటలలో చెప్పండి: 'బల్ల మీద కూర్చో. పలక తియ్యి.' ఒక మాట చెప్పిన తరువాత మరో మాట చెప్పే ముందు మనసులో పది లెక్కపెట్టండి. జవాబు ఆలస్యంగా రావడానికి మొండితనం కారణమని అనుకోవద్దు. విన్నది లోపలికి వెళ్ళి, తిరిగి మాటగా బయటకు రావడానికి అతనికి ఆ పది లెక్కలూ కావాలి.

మరికొన్ని అపోహలు

కళ్ళలోకి చూడకపోవడం అమర్యాద అనే మాట మన దగ్గర నిలవదు. పెద్దవారు మందలిస్తుంటే తల దించుకోవడమే మర్యాద అని మనమే నేర్పుతాము. ముఖం చూడమని గడ్డం పట్టి పైకి ఎత్తితే, ఆటిజం ఉన్న బిడ్డ చూపు భరించే ప్రయత్నంలోనే పడి, చెప్పే మాట వినలేకపోవచ్చు. అలాగే, ఈ పిల్లలకు ప్రేమ, జాలి ఉండవనే మాట కూడా సరైనది కాదు. డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న పరిశోధకుడు 2012లో ఈ సంగతిని తిప్పి చూపించాడు: వారికి మన మనసు అందనట్లే మనకు కూడా వారి మనసు అందడం లేదని, లోటు రెండు వైపులా ఉందని అతని వాదన. ఒక మూల కూర్చుని తోటి బిడ్డ ఏడుపు వింటూ చెవులు మూసుకున్నవాడు రాతి గుండెవాడు అయి ఉండకపోవచ్చు. ఆ ఏడుపు అతనికి మనకంటే ఎక్కువగా తగులుతూ ఉండవచ్చు.

'వీళ్ళకు ఏదో ఒక అద్భుత శక్తి ఉంటుంది' అనేది పొగడ్తలా కనిపించే ముద్ర. బస్సు నంబర్లన్నీ, క్యాలెండర్ తేదీలన్నీ చెప్పే పిల్లలు కొందరు ఉంటారు. చాలామందికి అటువంటిది ఏమీ ఉండదు. అది లేదని తెలిసిన రోజున తల్లిదండ్రులు మరొకసారి కుంగిపోతారు. ఆడపిల్లల సంగతి దీనికి వేరు. మగపిల్లలలో ఆటిజం ఎక్కువగా నమోదు అవుతున్నది, కాని అందుకు ఒక కారణం ఆడపిల్లలు తోటివారిని చూసి అనుకరిస్తూ తమ ఇబ్బందిని దాచుకోవడం. మెదలకుండా చివరి వరుసలో కూర్చునే అమ్మాయిని 'బుద్ధిమంతురాలు' అని మెచ్చుకుని ముందుకు సాగే ఉపాధ్యాయులు, ఆమె బడి నుండి ఇంటికి వెళ్ళాక రోజూ ఏడుస్తున్నదేమో ఒకసారి తల్లిని అడగాలి.

ఇక తల్లిని నిందించే అపోహ గురించి కొంచెం ఆగి చెప్పాలి. 'కూలికి పోయి పిల్లగాణ్ణి ముసల్దాని దగ్గర వదిలింది, అందుకే గిట్లయిండు', 'చేతికి ఫోన్ ఇచ్చి చెడగొట్టింది', 'గారాబం చేసింది' అనే మాటలు ఊళ్ళో ముందుగా తల్లినే తగులుతాయి. తల్లి ప్రేమ చూపకపోవడం వలన ఆటిజం వస్తుందనే సిద్ధాంతం ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో వైద్యులలో కూడా బలంగా ఉండేది. ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో దానిని ఎదిరించి, ఇది మెదడుకు సంబంధించినదని వాదించాడు. తరువాతి పరిశోధన అటువైపే నిలిచింది. టీకాల వలన వస్తుందనే మాటకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని, ప్రచురించిన వైద్య పత్రికయే 2010లో ఉపసంహరించుకుంది. ఈ రెండు సంగతులను కనీసం అంగన్‌వాడీ టీచర్లకు, వంట చేసే అమ్మలకు, బడి కమిటీ సభ్యులకు చెప్పడం అవసరం. వలస వెళ్ళిన తల్లి తిరిగి వచ్చిన రోజున ఆమెకు నేరారోపణ ఎదురు కాకూడదు.

తరగతిలో పిల్లలు మన నుండే నేర్చుకుంటారు

అమెరికాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో రోసెంతాల్, జేకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, చీటీలు తీసినట్లుగా ఎంచిన కొందరు పిల్లల పేర్లు చెప్పి, వీరు ఈ సంవత్సరం బాగా ఎదుగుతారని ఉపాధ్యాయులకు తెలియజేశారు. 1968లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతులలో ఆ పిల్లలు నిజంగానే మిగిలినవారి కంటే ఎక్కువ ఎదిగారు. ఆ ప్రభావం ఎంత పెద్దది అనే దానిపై తరువాత చాలా వాదోపవాదాలు జరిగాయి. ఉపాధ్యాయుని అంచనా బిడ్డ మీద పని చేస్తుందనేది మాత్రం ప్రతి తరగతి గదిలోనూ కనిపించే సంగతి. ఎవరిని ముందు అడుగుతాము, ఎవరి జవాబు కోసం ఆగుతాము, ఎవరిని తలుపు దగ్గర కూర్చోబెడతాము అనేవి పిల్లలు మనకంటే బాగా గమనిస్తారు.

అందువలన తోటి పిల్లలకు ఆటిజం అనే పేరు చెప్పడం అవసరం లేదు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా చెప్పకూడదు కూడా. ఎవరైనా 'సార్, వాడెందుకు చెవులు మూసుకుంటడు?' అని అడిగితే, 'నీకు చీకటి అంటే భయం గదా, వానికి పెద్ద చప్పుడు అంటే గట్లనే ఉంటది' అని చెప్పండి. ఎగతాళి పేరు వినబడిన వెంటనే, అన్న బిడ్డను పక్కకు పిలిచి అసలు పేరుతో పిలవమని చెప్పండి. అందరి ఎదుట తిట్టితే ఆ పేరు మరింత అంటుకుంటుంది. ఎవరైనా పెద్దవారే అలా అంటే, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించిందని, దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం నలుగురి ఎదుట కావాలని అవమానించడం ఆరు నెలల నుండి ఐదేళ్ళ దాకా శిక్ష పడదగిన నేరమని గుర్తు చేయవచ్చు. ఆ అవసరం రాకుండా ముందే మాట్లాడుకోవడం మేలు.

ఇంటివారితో మాట్లాడే తీరు

మొదటి సమావేశంలో రోగం పేరు ఎత్తవద్దు. మీ నోటుపుస్తకం తెరిచి, చూసినది చెప్పి, ప్రశ్న అడగండి. 'అవ్వా, గంట కొట్టంగనే పిలగాడు చెవులు మూసుకుంటుండు. ఇంట్ల గిట్లనే చేస్తడా? ఏం జేస్తే నిమ్మళిస్తడు?' అని అడిగితే, ఆ అవ్వ మనకు తెలియని పది సంగతులు చెబుతుంది. తాయెత్తు కట్టించామనో, దర్గాకు తీసుకుపోయామనో చెప్పినప్పుడు చిన్నబుచ్చకండి. దానితో పాటు ఆసుపత్రికి కూడా వెళ్దామని చెప్పండి.

ఆ తరువాత దారి ఇలా ఉంటుంది. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఆ బిడ్డను తప్పక చూపించండి. వారు జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపగలరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రానికి, అక్కడ వారికి నేర్పే ఐఈఆర్పీ టీచరుకు మీరే స్వయంగా ఫోన్ చేయండి, తల్లిని ఒంటరిగా పంపవద్దు. వివరమైన పరీక్ష కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి.) ఉంది. వైకల్య ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ కార్డు వచ్చిన తరువాత, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్టు నిర్వహించే నిరామయ బీమా ద్వారా లక్ష రూపాయల వరకు వైద్యానికి, థెరపీకి ఆసరా దొరుకుతుంది. ఈ తిరుగుడంతా కూలి పోగొట్టుకుని చేయవలసిన పని. ఒక్కో చోటికి ఏ కాగితాలు కావాలో మీరే ముందుగా కనుక్కుని, ఒకే చీటీ మీద తెలుగులో రాసి ఇస్తే ఆ ఇంటికి ఒకటి రెండు రోజుల కూలి మిగులుతుంది.

వెంట పంపవలసిన కాగితం

మన జిల్లాలలో పిల్లలు ఒకే బడిలో ఐదేళ్ళూ ఉంటారనే నమ్మకం లేదు. దీపావళి తరువాత తల్లిదండ్రులతో వలస వెళ్ళి, వేసవికి తిరిగి వచ్చేవారు ఉన్నారు. కొత్త చోట బిడ్డకు మళ్ళీ మొదటి నుండి ముద్ర పడకుండా, ఒక పేజీ కాగితం రాసి ఇంటివారి చేతికి ఇవ్వండి. అందులో మొదటి వాక్యం బిడ్డకు ఇష్టమైన దాని గురించి ఉండాలి: రైలు బొమ్మలు, ఇసుక, ఒకే పాట, ఏదైనా సరే. తరువాత అతను దాహాన్ని, నొప్పిని, మరుగుదొడ్డి అవసరాన్ని ఎలా తెలుపుతాడో రాయండి. ఏ చప్పుళ్ళు తగులుతాయో, కలత చెందితే ఎక్కడ, ఎంతసేపు కూర్చోబెట్టాలో, ఏ అక్షరాలు, అంకెలు వచ్చునో రాయండి. వైద్యుని నిర్ధారణను ఇంటివారు చేర్చమంటేనే చేర్చండి.

ఐదో తరగతి ముగిసే ఏప్రిల్ నెలలో ఆ బిడ్డను వెంటబెట్టుకుని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఒకసారి వెళ్ళండి. పిల్లలు లేని సాయంత్రం వేళ అయితే మంచిది. గంట ఎక్కడ వేలాడుతుందో, నీళ్ళ కుళాయి ఎక్కడ ఉందో, మరుగుదొడ్డి ఎటు ఉందో, ఆరో తరగతి గది ఏదో అతనికి చూపించండి. గంటను ఒకసారి మెల్లగా అతని చేతనే కొట్టించండి. ఆ కాగితాన్ని కొత్త తరగతి ఉపాధ్యాయుని చేతికి ఇచ్చి, ఆయన చదివే వరకు అక్కడే కూర్చోండి.